డూప్‌గా నటించిన రాజధాని!

'గోర్కీ పార్క్' సినిమా చూశారా? 1983లో వచ్చింది. విలియం హర్ట్ హీరో. మాస్కోలోని ఓ పార్కులో, మంచు కింద మూడు శవాలు దొరకడంతో కథ మొదలవుతుంది. తెర నిండా మంచు, బొచ్చు టోపీలు, మసక వెలుతురు... 'ఓహో, మాస్కో అంటే ఇలా వుంటుందన్నమాట!' అనుకుంటాం.

అది మాస్కో కాదండీ! సోవియట్ గడ్డ మీద ఆ షూటింగ్‌కి అనుమతి దొరకలేదు. యూనిట్ వాళ్ళు మూటాముల్లె సర్దుకుని హెల్సింకీకి, స్టాక్‌హోమ్‌కి వెళ్ళి పని కానిచ్చారు. అంతకు రెండేళ్ళ ముందు వారెన్ బీటీ తీసిన 'రెడ్స్'లో విప్లవకాలపు పెట్రోగ్రాడ్‌గా కనిపించింది కూడా హెల్సింకీయే. ఆ సినిమాకి బీటీ ఉత్తమ దర్శకుడిగా ఆస్కార్ అందుకున్నాడు. పాపం, ఆ నగరానికి మాత్రం ఎవరూ దండ వెయ్యలేదు!

ఫైటింగుల్లో హీరోకి డూప్ వుంటాడు చూడండి... దెబ్బలు తినేది అతను, చప్పట్లు ఇంకొకరికి. ఆ డూప్ అసలు ముఖం ఎలా వుంటుందో చూడాలని నాకు ఎన్నాళ్ళ నుంచో సరదా. రెండేళ్ళు రాసిన రాతల డబ్బు కూడబెట్టి, డిసెంబర్ మూడో వారంలో మూడు రోజుల కోసం ఫిన్లండ్ రాజధానిలో దిగాను.

ఆ పోలిక ఎక్కడిది?

1809లో రష్యా ఫిన్లండ్‌ని స్వీడన్ నుంచి లాక్కుంది. 1812లో జార్ చక్రవర్తి మొదటి అలెగ్జాండర్ హెల్సింకీని రాజధాని చేశాడు. ఊరికి కొత్త రూపం ఇచ్చినవాడు కార్ల్ లుడ్విగ్ ఎంగెల్. పుట్టింది బెర్లిన్‌లో, అంతకుముందు కొంతకాలం పని చేసింది సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో. ఇంకేముంది, సెనేట్ స్క్వేర్ చుట్టూ అదే పోలిక వచ్చేసింది! మెట్ల మీద తెల్లగా మెరిసే చర్చి 1852లో పూర్తయింది. అప్పటికి ఎంగెల్ లేడు. 1917లో దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది గానీ, ఆ పోలిక అలాగే వుండిపోయింది. సినిమావాళ్ళకి కావలసింది అదేగా!

మ్యాట్నీలో రాత్రి

విమానాశ్రయం నుంచి రైల్లో అరగంట. స్టేషన్‌కి మా వూరి కుర్రాడొకడు వచ్చాడు. అక్కడే కంప్యూటర్ ఉద్యోగం.

"రేపు తెల్లవారగానే బయల్దేరదాం తమ్ముడూ" అన్నాను.

"ఇక్కడ తెల్లవారేది తొమ్మిదిన్నరకన్నా!" అని నవ్వాడు.

నేను హాస్యమనుకున్నా. నిజమే! సాయంత్రం మూడుంబావుకి సూర్యుడు దుకాణం కట్టేస్తాడు. మ్యాట్నీకి లోపలికి వెళ్ళి ఇంటర్వెల్‌లో బయటికొస్తే, సెకండ్ షోకి వచ్చామా అని అనుమానం వస్తుంది.

ఆ సంగతి ఒంటికి పట్టక మొదటి రోజు పదిన్నరకి లేచాను. బనియన్లు, స్వెట్టర్లు, కోటు, మేజోళ్ళు, మఫ్లర్... ఈ మేకప్పు అయ్యేసరికి పన్నెండు. దారి తప్పి, మళ్ళీ దారి పట్టి సెనేట్ స్క్వేర్ చేరేసరికి మూడు. మైనస్ ఎనిమిది డిగ్రీలు. ఫోటోలన్నీ నల్లగా వచ్చాయి. గదికొచ్చి దుప్పటి కప్పుకుని కూర్చుంటే దుఃఖం వచ్చింది. రెండేళ్ళ కష్టం పోసి చీకటి కొనుక్కున్నానా?

ఆరింటికి తమ్ముడు వచ్చి కేకలేశాడు. "చీకటి పడిందని గదిలో కూర్చుంటే ఇక్కడ ఒక్కరూ బతకలేరన్నా. లే, సినిమాకెళ్దాం!"

వెళ్ళింది సినిమా హాలుకి కాదు, లైబ్రరీకి! పేరు ఓదీ. పార్లమెంటు ఎదురుగా, 2018 డిసెంబర్‌లో తెరిచారు. లోపలికి డబ్బులక్కర్లేదు. ఒకావిడ కుట్టు మిషన్ మీద గౌను కుట్టుకుంటోంది, పిల్లలు అద్దాల గదిలో గిటార్ సాధన చేస్తున్నారు. అందులోనే కినో రెగీనా అనే హాలుంది. పాత సినిమాలు భద్రపరిచే ప్రభుత్వ సంస్థ దాన్ని నడుపుతోంది. టికెట్టు కొని ఓ పాత నలుపు తెలుపు చిత్రం చూశాం. మాట ఒక్కటీ అర్థం కాలేదు. కానీ హీరోయిన్ కన్నీళ్ళకి భాషతో ఏం పని?

అసలు ముఖం

డూప్ వేషం మాని, హెల్సింకీ తన సొంత ముఖంతో నటించిన సినిమాలూ వున్నాయి. జిమ్ జార్ముష్ 'నైట్ ఆన్ ఎర్త్' (1991)లో అయిదు నగరాలు, అయిదు టాక్సీలు. చివరి టాక్సీ హెల్సింకీ మంచులో తిరుగుతుంది. అకీ కౌరిస్మాకీ 'ఫాలెన్ లీవ్స్' (2023) సంగతి చెప్పనే అక్కర్లేదు. సూపర్ మార్కెట్లో పనిచేసే అమ్మాయి, కూలి పని చేసుకునే మనిషి. ఇద్దరూ సినిమాకెళ్తారు. ఆమె ఫోన్ నంబరు రాసిచ్చిన కాగితం అతను పారేసుకుంటాడు. అంతే కథ! కాన్ ఉత్సవంలో జ్యూరీ బహుమతి కొట్టింది.

రెండో రోజు తెలివి తెచ్చుకున్నా. వెలుతురున్న ఆరు గంటలూ బయట, చీకటంతా లోపల. పగలు పడవెక్కి పావుగంటలో సువోమెన్‌లిన్నా దీవి కోటకి వెళ్ళాం. 1748లో స్వీడన్ వాళ్ళు కట్టడం మొదలుపెట్టిన కోట అది. తిరిగొచ్చి 1889 నాటి పాత మార్కెట్ హాల్లో సాల్మన్ చేపల సూప్ తాగాం. పాలమీగడ, బంగాళాదుంపలు, సోపు ఆకు వాసన... ప్రాణం లేచొచ్చింది.

రాత్రి కల్లియో పేటలో కోటీహర్యు సౌనా. 1928 నుంచీ కట్టెలతోనే కాగుతోంది. ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ వేర్వేరు గదులు. లోపల గోచీ కూడా వుండకూడదని తెలిసి గుండె జారింది! కాలిన రాళ్ళ మీద నీళ్ళు పోస్తే ఆవిరి చెవులు పట్టుకుంటుంది. తట్టుకోలేక తువ్వాలు చుట్టుకుని బయటికొస్తే, వీధరుగు మీద నలుగురు పెద్దలు ఒళ్ళంతా పొగలు కక్కుతూ మంచులో కులాసాగా కూర్చున్నారు. ఒకాయన జరిగి నాకు చోటిచ్చాడు. మాటలేం లేవు. అంత చలిలో నాకు చలి వెయ్యలేదు. గదిలో దుప్పటి కింద వణికిన మనిషిని నేనేనా అనిపించింది.

మూడో రోజు ఎనిమిదిన్నరకే సెనేట్ స్క్వేర్‌లో నిలబడ్డా. ఆకాశం ముందు సిరా రంగు, తర్వాత నీలం, ఆపైన చర్చి గోడల మీద లేత గులాబి. పెట్రోగ్రాడ్ లేదు, మాస్కో లేదు. ట్రాము గంట కొట్టుకుంటూ పోయింది. ఒకమ్మాయి బడిపిల్లాడి టోపీ సరిచేస్తోంది. ఇది వాళ్ళ వూరు!

మీరూ వెళ్ళే రోజొస్తే రెండు మాటలు గుర్తుంచుకోండి. పట్టున్న అడుగు బూట్లు కొనుక్కోండి. 24వ తేదీ మధ్యాహ్నం నుంచి క్రిస్మస్‌కి దుకాణాలు మూసేస్తారు, ముందే చూసుకోండి.

వెళ్ళలేకపోయినా ఫరవాలేదు. ఈసారి మంచు సినిమా చూసినప్పుడు, లైట్లు వెలగగానే లేచిపోకండి. చివరి టైటిల్స్ దాకా కూర్చుని, ఆ మంచు ఏ వూరిదో చదవండి. డూప్‌కీ ఓ పేరుంటుంది కదా!