మాట రానివారు నేర్పిన మెదడు శాస్త్రం

డైట్ కూల్‌డ్రింకు డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఒక హెచ్చరిక ఉంటుంది: ఫినైల్‌కీటోన్యూరియా ఉన్నవారికి ఇది పనికిరాదని. అందులో తీపి కోసం వాడే ఆస్పర్టేమ్ కడుపులోకి వెళ్లాక ఫినైల్‌అలనిన్ అనే ఎమైనో ఆమ్లాన్ని విడుదల చేస్తుంది. కొందరి శరీరాలు దాన్ని అరాయించుకోలేవు. ఆ లోపం సరిగ్గా ఎక్కడుందో కనిపెట్టిన డాక్టరు జార్జ్ జెర్విస్. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిని నడివయసులోనే డిమెన్షియా పట్టుకుంటుందని తొలిరోజుల్లో గుర్తించినవారిలోనూ ఆయన ఒకరు. చిన్నప్పుడే ఎదుగుదల ఆగిన మెదడును, వయసు మీరకముందే క్షీణించే మెదడును ఆయన ఒక్క జీవితకాలంలో పరిశోధించారు.

ఆయన పనిచేసింది అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలోని లెచ్‌వర్త్ విలేజ్‌లో. 1911లో తెరిచిన ఆ ప్రభుత్వ సంస్థలో బుద్ధి ఎదగలేదని ముద్రపడిన వేలమంది పిల్లలు, పెద్దలు ఉండేవారు. చాలామంది చిన్నతనంలో వచ్చి అక్కడే ప్రాణాలు విడిచారు. బయటి ప్రపంచం వాళ్లను మరిచిపోయింది. జెర్విస్ తెలుసుకున్నదంతా వాళ్ల నుంచే.

ఆకుపచ్చ రంగు చెప్పిన కథ

1934లో నార్వేలో ఒక తల్లి ఎదుగుదల లేని తన ఇద్దరు పిల్లల్ని ఆస్బ్యోర్న్ ఫోలింగ్ అనే వైద్యుడికి చూపించింది. పిల్లల దగ్గర ఏదో వింత వాసన వస్తోందని ఆమె చెబితే అప్పటిదాకా ఎవరూ పట్టించుకోలేదు. ఫోలింగ్ వాళ్ల మూత్రంలో ఫెర్రిక్ క్లోరైడ్ వేసి చూశారు. అది ముదురు ఆకుపచ్చగా మారింది. మామూలుగా మూత్రంలో కనిపించని ఫినైల్‌పైరువిక్ ఆమ్లం అందులో ఉంది. బుద్ధి ఎదగకపోవడానికి రసాయన కారణం దొరకడం ఒక కొత్త దారి తెరిచింది.

జెర్విస్ ఆ పరీక్షను న్యూయార్క్ ఆశ్రయ సంస్థల్లో పెద్దఎత్తున చేశారు. ఇది తల్లిదండ్రులిద్దరి నుంచీ ఒక్కో లోపభూయిష్ట జన్యువు అందినప్పుడే వచ్చే జబ్బని కుటుంబాల వివరాలతో చూపారు. ఇంతకీ లోపం ఎక్కడ?

పప్పు, పాలు, గుడ్డు, మాంసం ఏది తిన్నా అందులోని ప్రోటీన్ నుంచి ఫినైల్‌అలనిన్ వస్తుంది. కాలేయంలోని ఒక ఎంజైము దాన్ని టైరోసిన్‌గా మారుస్తుంది. కాలువ మీద తూము మూసుకుపోతే ఎగువన నీరు నిలిచిపోతుంది, దిగువన పొలం ఎండుతుంది. అలా తూము ఎక్కడ మూసుకుందో చూడటానికి జెర్విస్ ఆరోగ్యవంతులకూ, ఈ జబ్బు ఉన్నవారికీ ఫినైల్‌అలనిన్ ఇచ్చి రక్తాన్ని పరీక్షించారు. ఆరోగ్యవంతుల్లో అది టైరోసిన్‌గా మారింది, రోగుల్లో మారలేదు. 1947లో ఈ ఫలితం అచ్చయింది. 1953లో రోగుల కాలేయ కణజాలంలో ఆ మార్పు జరిపే శక్తి లేదని నేరుగా చూపారు.

చోటు తెలిశాక చికిత్సకు దారి దొరికింది. ఆ దశాబ్దం మొదట్లోనే ఇంగ్లండులో హోర్స్ట్ బికెల్ బృందం ఫినైల్‌అలనిన్ బాగా తగ్గించిన ఆహారంతో ఒక చిన్నారిలో మెరుగుదల తెచ్చింది. కానీ మెదడు దెబ్బతిన్నాక ఆహారం మార్చితే ప్రయోజనం పరిమితం. పుట్టిన కొద్ది రోజుల్లోనే తెలియాలి. 1960ల మొదట్లో రాబర్ట్ గుత్రీ, పసికందు మడమ నుంచి తీసిన నెత్తుటి చుక్కను కాగితం మీద ఆరబెట్టి చేసే పరీక్షను తెచ్చారు. ఇవాళ ఆసుపత్రుల్లో పుట్టిన పిల్లలకు చేసే మడమ రక్తపరీక్షకు మూలం అదే. సమయానికి పథ్యం మొదలుపెట్టిన పిల్లలు తోటి పిల్లల్లాగే బడికి వెళ్తారు.

ఆటిజం చరిత్రలోనూ ఈ జబ్బుకు చోటుంది. చికిత్స అందని పిల్లల్లో కొందరికి మూర్ఛలతోపాటు ఆటిజం లక్షణాలూ ఉండేవి. బిడ్డకు ఆటిజం వచ్చిందంటే తల్లి ప్రేమ చూపకపోవడమే కారణమని అమెరికాలో పేరున్న నిపుణులు నిందించిన కాలమది. ఎంజైము కొరవడినా ఆ లక్షణాలు రావచ్చని తెలియడం ఆ నిందను బలహీనపరిచిన ఆధారాల్లో ఒకటి. ఆటిజం వెనక వందల జన్యువుల పాత్ర ఉందని ఇవాళ తెలుసు. అయినా తల్లిని వేలెత్తి చూపే అలవాటు మన ఇళ్లలో ఇంకా పోలేదు. అది పోవాలి.

ఇరవై ఒకటో క్రోమోజోము

1948లో జెర్విస్ డౌన్ సిండ్రోమ్ ఉన్న ముగ్గురు పెద్దల గురించి రాశారు. వాళ్లు అప్పటిదాకా తమ పనులు తాము చేసుకునేవారు. నడివయసులో నేర్చుకున్నవి ఒక్కొక్కటిగా మరిచిపోయారు, మనుషుల్ని పట్టించుకోవడం మానేశారు. వాళ్లు చనిపోయాక మెదళ్లను సూక్ష్మదర్శిని కింద చూస్తే అల్జైమర్స్ రోగుల మెదళ్లలో ఉండే మచ్చలు, నరకణాల్లో పోగుల చిక్కులు కనిపించాయి.

కారణం చెప్పే వీలు అప్పటికి లేదు. డౌన్ సిండ్రోమ్‌లో ఇరవై ఒకటో క్రోమోజోము రెండుకు బదులు మూడు ఉంటుందని పారిస్‌లో జెరోమ్ లెజూన్ బృందం వెల్లడించింది 1959లో. 1984లో కాలిఫోర్నియాలో జార్జ్ గ్లెన్నర్, కెయిన్ వాంగ్ అల్జైమర్స్ మెదడులోని అమిలాయిడ్ బీటా ప్రోటీన్‌ను విడదీశారు. అదే ఏడాది డౌన్ సిండ్రోమ్ మెదళ్లలోనూ అదే ప్రోటీన్ ఉందని చూపి, దాని జన్యువు ఇరవై ఒకటో క్రోమోజోము మీద ఉండవచ్చని ఊహించారు. 1987లో ఆ ఊహ నిజమైంది. ఏపీపీ అనే ఆ జన్యువు అక్కడే దొరికింది. మూడు ప్రతులుంటే, మచ్చల్లో పేరుకునే అమిలాయిడ్‌కు ముడిసరుకు పుట్టినప్పటి నుంచీ ఎక్కువగా తయారవుతుంది. అందుకే నలభై ఏళ్లు వచ్చేసరికి డౌన్ సిండ్రోమ్ ఉన్న దాదాపు అందరి మెదళ్లలోనూ ఆ మచ్చలు ఉంటాయి.

దీనికి గట్టి సాక్ష్యం ఒక వృద్ధురాలు. ఆమెకు డౌన్ సిండ్రోమ్ ఉన్నా, మూడో ప్రతిగా ఉన్న క్రోమోజోము ముక్కలో ఏపీపీ జన్యువు లేదు. 78 ఏళ్లు బతికినా ఆమెకు అల్జైమర్స్ రాలేదు. ఆమె గురించి 1998లో వచ్చిన నివేదిక అల్జైమర్స్ పరిశోధనలో చాలా విలువైనది. ఇప్పుడు అల్జైమర్స్‌కు ఇస్తున్న లెకానెమాబ్ వంటి మందులు అమిలాయిడ్‌ను తొలగించేందుకే తయారయ్యాయి. ఆ దారి చూపినవారిలో డౌన్ సిండ్రోమ్ ఉన్నవారు ముందున్నారు.

ఎవరి దేహాల మీద?

జెర్విస్ జీవితంలో మరో పుట కూడా ఉంది. దాన్ని దాటేస్తే ఈ కథ అబద్ధమవుతుంది. 1950 ఫిబ్రవరిలో హిలరీ కోప్రౌస్కీ తయారుచేసిన నోటి పోలియో టీకాను మొదటిసారి పిల్లలకు ఇచ్చింది లెచ్‌వర్త్‌లోనే, జెర్విస్ సహకారంతో. తాగింది అక్కడి 20 మంది పిల్లలు. ఎవరికీ హాని జరగలేదు. కానీ రాష్ట్ర ప్రభుత్వం ఒప్పుకోదని తెలిసి అడగలేదని, తల్లిదండ్రులను మాత్రమే అడిగామని కోప్రౌస్కీ తరవాత చెప్పారు. 1952లో అచ్చయిన పత్రంలో ఆ పిల్లల్ని స్వచ్ఛందంగా ముందుకొచ్చినవారని రాస్తే, ‘లాన్సెట్’ పత్రిక ఆక్షేపించింది. తమకు ఏం ఇస్తున్నారో కూడా అర్థంకాని పిల్లలు ఎలా ముందుకొస్తారు?

1968లో న్యూయార్క్‌లోని స్టాటెన్ ఐలండ్‌లో ఎదుగుదల లోపాల మీద పరిశోధనకే ప్రత్యేకంగా ఒక సంస్థ ఏర్పడింది. దాని మొదటి డైరెక్టరు జెర్విస్. అది వెలసింది విల్లోబ్రూక్ స్టేట్ స్కూలు ఆవరణలో. ఆ స్కూలు పిల్లలకు పరిశోధన పేరుతో కావాలనే హెపటైటిస్ సోకించారు. 1972లో అక్కడి కిక్కిరిసిన గదులు, ఒంటిమీద బట్టల్లేని పిల్లలు టీవీలో కనబడితే దేశం సిగ్గుపడింది. పరిశోధనలో పాల్గొనేవారి సమ్మతికి అమెరికాలో కఠిన నిబంధనలు రావడానికి ఇలాంటివే కారణం.

తీర్చాల్సిన బాకీ

ఈ శాస్త్రం ఆ సంస్థల్లో ఉన్నవారికి బాకీపడింది. దాన్ని తీర్చడంలో మన వంతూ ఉంది. 1980ల మొదట్లో పాశ్చాత్య దేశాల్లో డౌన్ సిండ్రోమ్ ఉన్నవారి సగటు ఆయుష్షు 25 ఏళ్లు. ఇప్పుడక్కడ అది 60కి చేరువైంది. గుండె శస్త్రచికిత్సలు పెరిగాక మన దగ్గరా వాళ్లు నలభై, యాభై చూస్తున్నారు. సికింద్రాబాద్‌లో మేధో వైకల్యాల జాతీయ సంస్థ 1984లో మొదలైనప్పుడు ఆలోచనంతా పిల్లల చుట్టూనే తిరిగేది. ఆ తరం పిల్లలకు ఇప్పుడు నడివయసు. వాళ్లను సాకే అమ్మానాన్నలకు డెబ్బై దాటాయి.

డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో డిమెన్షియా తరచూ మతిమరుపుతో మొదలవ్వదు. ఉత్సాహం తగ్గడం, మొండితనం, స్నానానికీ బట్టలకూ మళ్లీ సాయం అవసరమవడం, నలభై దాటాక కొత్తగా మూర్ఛలు రావడం తొలి గుర్తులు కావచ్చు. “వాడి తీరే అంత” అని సరిపెట్టుకోకండి. అలాగని ప్రతి మార్పూ డిమెన్షియా కాదు. థైరాయిడ్ లోపం, వినికిడి తగ్గడం, కంటిశుక్లాలు, నిద్రలో ఊపిరి ఆగడం, కుంగుబాటు వీళ్లలో మామూలు. వీటన్నిటికీ చికిత్స ఉంది, కాబట్టి ముందు వీటిని చూపించాలి. ముప్పై ఐదేళ్లప్పుడే మీ బిడ్డ ఏమేం చేయగలడో, చేయగలదో వీడియో తీసి పెట్టుకోండి. రేపు డాక్టరు పోల్చి చూడటానికి అంతకన్నా మంచి ఆధారం ఉండదు. నలభై నుంచి ఏటా పరీక్ష చేయించాలి. మీ తరవాత ఎవరు చూస్తారన్న ప్రశ్నకూ చట్టంలో దారుంది. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీ చట్టబద్ధ సంరక్షకుణ్ని నియమిస్తుంది.

మరో అన్యాయాన్నీ సరిదిద్దాలి. లెకానెమాబ్‌కు అనుమతి తెచ్చిన ప్రయోగాల్లో డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిని చేర్చుకోలేదు. అమిలాయిడ్ జాడ చూపిన మనుషులకే ఆ మందు ఎంత మేలు చేస్తుందో, ఎంత కీడు చేస్తుందో తేల్చే ఏర్పాటు అప్పుడు జరగలేదు. వాళ్ల కోసం ప్రత్యేక ప్రయోగాలు జరగాలి, వాళ్లకు అర్థమయ్యే మాటల్లో అడిగి, వాళ్లు ఒప్పుకున్నాకే జరగాలి. ఒకప్పుడు అడగకుండా వాళ్ల నుంచి తీసుకున్నాం. ఇకమీదట అడిగి తీసుకోవాలి, దొరికిన ఫలం మొదట వాళ్లకే అందించాలి.