విషం లేని రంగు

సూరత్ అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేవి వజ్రాలు, చీరలు, పొట్ట చేతపట్టుకుని తెలంగాణ నుంచి వెళ్లిన నేతన్నలు. ఆ ఊరికే చెందిన మరో పనితనం సాదేలీ గురించి తెలిసినవారు తక్కువ. సన్నని కర్రపుల్లలను కోణాలుగా చెక్కి, కట్టగా కూర్చి అతికిస్తారు. ఆ కట్టను అడ్డంగా పలచగా కోస్తే ప్రతి కోతలోనూ అదే నక్షత్రం, అదే పువ్వు. వాటిని నగల పెట్టెల మీద అంటిస్తారు. 19వ శతాబ్దంలో ఇలాంటివే ‘బొంబాయి పెట్టెలు’గా బ్రిటన్ ఇళ్లకు చేరాయి.

ఈ పనిలో చాలా రంగులు డబ్బాలోంచి కాదు, కర్రలోంచే వస్తాయి. రోజ్‌వుడ్ ముదురు గోధుమ, టేకు లేత పసుపు, నల్లచేవ నలుపు. కర్రకు రంగు వేసే పద్ధతుల్లో అన్నిటికన్నా సురక్షితమైనది రంగు వేయకపోవడమే!

కానీ మార్కెట్ ఊరుకోదు. ఫర్నిచర్ షాపుల్లో ‘వాల్‌నట్ ఫినిష్’ మోజు తెలిసిందే. కాశ్మీరు అక్రోటు కర్రకు పుట్టుకతోనే ఆ నిగారింపు ఉంటుంది. చౌక కర్రకు దాన్ని తెప్పించాలంటే రంగు పూయాల్సిందే. కర్రను ముదురు చేయడానికి పూర్వం వాడిన పొటాషియం డైక్రోమేట్ క్యాన్సర్ కారకం. దానికి బదులు అక్రోటు కాయ పచ్చితొక్కనే నానబెట్టి, కాచి పూస్తే చక్కని గోధుమ రంగు వస్తుంది.

మెరుపు సంగతికొస్తే లక్కను మించింది లేదు. మాత్రల పైపూతగా కూడా వాడే పదార్థమది. దాన్ని కరిగించే స్పిరిట్‌తోనే జాగ్రత్త. మిథనాల్ కలిసిన స్పిరిట్ కళ్లు పోగొట్టగలదు. అవిసె నూనె పూసిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేస్తే వాటంతటవే అంటుకోవచ్చు. ఆరుబయట పరిచి ఆరబెట్టాలి.

ఈ పాఠాన్ని మన ఏటికొప్పాక ఎప్పుడో నేర్చుకుంది. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డునున్న ఆ ఊళ్లో అంకుడు కర్రను తిప్పుతూ రంగు లక్కను అద్దుతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది. రసాయన రంగులు రాజ్యమేలుతున్న రోజుల్లో సి.వి. రాజు మళ్లీ చెట్ల దారి పట్టించారు. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజలు రంగులయ్యాయి. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు, 2023లో రాజుకు పద్మశ్రీ దక్కాయి.

ఇది సంప్రదాయం మీద మమకారం మాత్రమే కాదు. బొమ్మ ముందు చేరేది పసివాడి నోట్లోకి. సీసం ఎంత తక్కువైనా సురక్షితం కాదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. అది పిల్లల మెదడునే దెబ్బతీస్తుంది. ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం మించరాదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరులో అమల్లోకొచ్చింది. 2021 జనవరి నుంచి బొమ్మలకు ఐఎస్ఐ మార్కు తప్పనిసరైంది. అయితే నమోదైన హస్తకళాకారులు చేసి అమ్మే బొమ్మలకు, భౌగోళిక గుర్తింపు ఉన్నవాటికి మినహాయింపు ఇచ్చారు.

చిన్న పనివాడికి అది ఊరటే. కానీ చట్టం ఇచ్చిన మినహాయింపు సీసానికి తెలియదు. కొనేటప్పుడు ధరతో పాటు ‘ఈ రంగు దేంతో చేశారు?’ అని కూడా అడగండి. చెట్టు పేరు చెప్పగలిగిన పనివాడి దగ్గర బేరమాడకండి.