స్వల్ప వ్యయంతో ఇంటి చదువు

‘ఇంట గెలిచి రచ్చ గెలువు’ మన్నారు పెద్దలు. చదువు విషయంలో ఈ మాటను మనం అంతగా పట్టించుకోలేదు. పిల్లలను బడికి పంపితే మన బాధ్యత తీరిందనీ, పంపలేకపోతే వారి చదువు ముగిసిందనీ తలుస్తున్నాము. ఈ రెండు భావనలూ సరియైనవి కావు.

ముందుగా ఒక సంగతి స్పష్టం చేయాలి. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుండి 14 సంవత్సరాల వయస్సు గల బాలబాలికలకు ఉచిత విద్య హక్కుగా సంక్రమించింది. నడుమ బడి మానిన వారిని సైతం వయస్సుకు తగిన తరగతిలో చేర్చుకొని, వెనుకబడిన పాఠాలలో ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని ఆ చట్టం నిర్దేశిస్తున్నది. కనుక ఆ వయస్సులో ఇల్లు బడికి తోడుగా నిలవాలి. ఆ వయస్సు దాటి చదువు ఆగినవారికి మాత్రం ఇల్లే బడి కావలసి వస్తుంది. అట్టివారి కొరకే 1991లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం ఉన్నది. ఇంట చదువుకొని పదవ తరగతి, ఇంటర్మీడియట్ పరీక్షలకు హాజరు కావచ్చును.

ఇట్టి చదువు మన ప్రాంతానికి కొత్త కాదు. గిడుగు వెంకట రామమూర్తి (1863–1940) పర్లాకిమిడిలో ఉపాధ్యాయ వృత్తి చేస్తూనే ప్రైవేటుగా చదివి పట్టం పొందారు. సవర భాష తెలిసిన మనిషిని ఇంట ఉంచుకొని ఆ భాష నేర్చారు. సొంత సొమ్ముతో సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించారు. పిల్లవానికి ఇంటి భాషలో బోధపడినదే మనస్సులో నిలుస్తుందని ఆయన కృషి మనకు తెలుపుతున్నది. ఇంట ఉర్దూ, బడిలో తెలుగు వినే మన పిల్లల విషయంలోనూ ఇది వర్తిస్తుంది. పాఠం తెలుగులో చదివించి, అర్థం ఉర్దూలో అడగండి. చెప్పగలిగితే బోధపడినట్లే.

నా అనుభవం ఒకటి విన్నవిస్తాను. అబ్బాజాన్ ఓడరేవులో కూలి. అమ్మీకి జబ్బు చేయడంతో మా ఆపా ఎనిమిదవ తరగతితో బడి మానింది. నేను బడినుండి రాగానే ఆనాటి పాఠం చెప్పమనేది. చెప్పబోతే నాకే తెలియని చోట్లు బయటపడేవి. నేను పదవ తరగతికి వచ్చేనాటికి ఒకే పుస్తకాలు ఇద్దరమూ చదివాము. పగలు నావి, రాత్రి వంట ముగిసిన తరువాత ఆమెవి. సార్వత్రిక పరీక్షలో ఆమె తొలిసారి గణితంలో తప్పింది. అయితే నెగ్గిన విషయాలు మళ్ళీ రాయనవసరం లేదు. తప్పినది ఒక్కటే మరల రాసి ఉత్తీర్ణురాలైంది. అయినను ఒక లోటు తీరలేదు. ప్రయోగశాల ముఖం ఆమె ఎరుగదు. తోటి విద్యార్థినుల సాంగత్యమూ దొరకలేదు. ఇంటి చదువు పరిమితి అదే.

ఖర్చు విషయానికి వద్దాము. పలక, సుద్ద, నిరుటి పాఠ్యపుస్తకాలు, ఒక దినపత్రిక చాలును. అన్నిటికంటె విలువైనది నియమం: రోజుకు రెండు గంటలు, ఒకే వేళ, ఒకే చోట. రేషను సరుకుల తూకం, ధర లెక్క వేయిస్తే అది గణితం. ఓడరేవు ఇక్కడనే ఎందుకు వెలసిందని అడిగి, సముద్రపు పోటునుండి కాపు కాచే డాల్ఫిన్స్ నోస్ కొండను చూపితే అది భూగోళం. ఆ రేవు 1933లో ప్రారంభమైందని చెబితే చరిత్ర. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజం తూర్పు కనుమలు దాటి కొత్తవలస–కిరండూల్ రైలు మార్గంలో మన నగరానికి చేరుతున్నది. దాని దారిని పటంపై గీయిస్తే, ఉక్కు కర్మాగారం ఇక్కడ ఎందుకున్నదో పిల్లవాడే ఊహిస్తాడు.

విద్యార్థులారా! మీలో పలువురు మీ ఇంట తొలిసారి కళాశాల మెట్లెక్కినవారు. మీ వెనుక చదువు ఆగిన చెల్లెలో తమ్ముడో ఉండవచ్చును. ఈ వేసవిలో వారిలో ఒక్కరితో రోజుకు రెండు గంటలు కూర్చోండి. కళాశాల కమిటీ పెద్దలకు నా మనవి ఒక్కటే: ఏటా విద్యార్థులు విడిచే పుస్తకాలను సేకరించి, గ్రంథాలయంలో ఒక బీరువా వీరికై కేటాయించండి. ఆనాడు మా ఇంట పుస్తకాలు రెండు జతలుంటే, ఆపా పగలు కూడా చదివి ఉండేది.