మండెలో చెయ్యి పెట్టి చూడు

2020 సెప్టెంబర్ 1న తెలంగాణ సర్కారు బడుల్లో 3 నుంచి 10వ తరగతి దాకా పిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్లలో పాఠాలు మొదలయ్యాయి. సాగర్ ఎడమ కాల్వ కింద ఉన్న వేములపల్లి పిల్లలకూ ఆ ఏడు టీవీనే బడి.

బడిలోనైతే పిల్లవాడి నొసలు ముడిపడగానే సారు మళ్లీ చెబుతారు. తెర మీది సారుకు ఆ ముఖం కనబడదు. ఆన్‌లైన్ పాఠానికి బోధన పద్ధతి ఎంచుకోవడమంటే, ఆ లోటు ఎలా పూడ్చాలో ఆలోచించడమే.

అమెరికాలో రోడిగర్, కార్పిక్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ఒక ప్రయోగం ప్రచురించారు. కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని నాలుగు విడతలు చదివారు. కొందరు ఒక్క విడతే చదివి, తర్వాత మూడుసార్లు చూడకుండా గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాలకు పరీక్ష పెడితే చదివినవాళ్లదే పైచేయి. వారం తిరిగేసరికి వాళ్లకు గుర్తున్నది సుమారు 40 శాతం, రాసినవాళ్లకు 61 శాతం. వీడియో మళ్లీ మళ్లీ చూసినా ఇంతే. చూస్తున్నంతసేపూ అంతా తెలిసినట్టే ఉంటుంది, వారానికి జారిపోతుంది. బుర్రలోంచి వెతికి తీసినదే నిలుస్తుంది.

విత్తనం మొలకెత్తే పాఠమే తీసుకుందాం. నానిన వడ్లను గోనెసంచిలో మండె కట్టడం ఇక్కడి పిల్లలు చూసినదే. సారు తెర మీద, "మండెలో చెయ్యి పెడితే వెచ్చగా ఎందుకుంటది? వీడియో ఆపి నోట్‌బుక్కులో రాయండి" అని అడగాలి. పిల్ల ఏదో ఒకటి రాస్తుంది, తప్పైనా సరే. ఆ తర్వాత జవాబు చెప్పాలి: మొలకెత్తే గింజ ఊపిరి తీసుకుంటూ తనలోని పిండిపదార్థాన్ని ఖర్చుచేస్తుంది, ఆ శక్తిలో కొంత వేడిగా బయటికొస్తుంది. తాను రాసినదానితో పోల్చుకున్న పిల్ల ఆ జవాబును తొందరగా మరిచిపోదు.

నిడివి సంగతీ ఉంది. ఎడ్‌ఎక్స్ అనే ఆన్‌లైన్ చదువుల వేదిక కోర్సుల్లో 69 లక్షల వీక్షణలను పరిశీలించి 2014లో వెలువడిన అధ్యయనంలో, ఆరు నిమిషాల లోపు వీడియోల మీదే విద్యార్థుల ధ్యాస బాగా నిలిచిందని తేలింది. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ నాన్నతో పొలానికి పోయే చోట లైవ్ క్లాసు కన్నా, రాత్రి చూసుకునే చిన్న రికార్డు పాఠమే నయం.

పాఠాలు రికార్డు చేసే సార్లకు, టీచరమ్మలకు ఒక్క మనవి. ఈసారి ప్రశ్న అడగ్గానే జవాబు చెప్పేయకండి. అర నిమిషం ఆగండి.