చుక్కలలో ఉత్తరము

ఉత్తరము ఇద్దరి మధ్య జరుగు సంభాషణ. చూపులేనివారికి వచ్చిన ఉత్తరమును మరియొకరు చదివి వినిపింపవలెను. వారి జవాబును మరియొకరు వ్రాసిపెట్టవలెను. క్షేమసమాచారములైనచో చిక్కులేదు. అప్పు సంగతియో, ఇంటి తగవో, మనసులోని బాధయో మూడవవారి చెవిని పడకుండ తెలుపుట ఎట్లు? దీనికి సమాధానమే బ్రెయిలీ లిపి.

దీనిని కనుగొన్న లూయీ బ్రెయిలీ 1809లో పారిస్ నగరమునకు చేరువనున్న కూప్‌వ్రే గ్రామములో జన్మించెను. తండ్రి గుఱ్ఱపు జీనులు కుట్టువాడు. మూడవ యేట ఆ పనిముట్లతో ఆడుకొనుచుండగా, తోలు పొడుచు ఆరె కంటికి గ్రుచ్చుకొనెను. క్రమముగా రెండవ కన్నును పోయెను. పారిస్‌లోని అంధుల పాఠశాలలో చదువు దినములలో, షార్ల్ బార్బియే అను సైనికోద్యోగి రూపొందించిన 12 చుక్కల వ్రాత అతనికి పరిచయమయ్యెను. ఆ గడి పెద్దది. వ్రేలికొన క్రింద ఒక్కసారిగా ఇమడదు. బ్రెయిలీ చుక్కలను ఆరింటికి తగ్గించి, 1824 నాటికే, అనగా 15 యేండ్ల ప్రాయమున, తన పద్ధతిని సిద్ధపరచెను. 1829లో దానిని ప్రకటించెను.

గడిలో మూడేసి చుక్కల నిలువు వరుసలు రెండు. ఎడమవైపువి 1, 2, 3. కుడివైపువి 4, 5, 6. ప్రతి చుక్కయు ఉండవచ్చును, లేకపోవచ్చును. కావున మొత్తము 64 అమరికలు; ఖాళీ గడిని తీసివేయగా 63. చుక్కల నడుమ దూరము సుమారు 2.5 మిల్లీమీటర్లు, ఎత్తు సుమారు అర మిల్లీమీటరు.

మన దేశభాషలకు ఉమ్మడిగా 1951లో భారతీ బ్రెయిలీ ఏర్పడెను. అందు ‘అ’కు 1వ చుక్క, ‘మ’కు 1, 3, 4 చుక్కలు. ఒత్తులను క్రింద వ్రాయుట లేదు; సంయుక్తాక్షరమునకు ముందు 4వ చుక్కను ఉంచెదరు. కావున ‘అమ్మ’ అను మాట నాలుగు గడులు పట్టును: అ, 4వ చుక్క, మ, మ.

చేతితో వ్రాయుటకు కిటికీల వంటి గడులు గల పలకయు, మొనగల శలాకయు చాలును. శలాక మన తాటాకు గంటమునకు చుట్టము వంటిది. పలక రెండు రేకుల మధ్య కాగితమును బిగించి నొక్కినచో, నొక్కినవైపు గుంటయు, వెనుక బొడిపెయు ఏర్పడును. వ్రేలు చదువునది బొడిపెను. కాగితము త్రిప్పగానే కుడియెడమలు తారుమారగును గనుక, కుడినుండి యెడమకు, అక్షరములను అద్దములోని నీడవలె వ్రాయవలెను. 2, 4 చుక్కల ‘ఇ’ని అట్లు త్రిప్పక పొడిచినచో, అది 1, 5 చుక్కల ‘ఏ’ అయి కూర్చుండును!

పలుచని కాగితము చిరుగును, బొడిపెలును నిలువవు. కావున దళసరి కాగితము కావలెను. అక్షరములును పెద్దవి. ఒక పుటలో ముగియు ఉత్తరము బ్రెయిలీలో రెండు మూడు పుటలగును. తూకమును బట్టి తపాలా రుసుము వేసినచో, అవే మాటలకు అంధుడు అధికముగా చెల్లింపవలసివచ్చును. ఈ అన్యాయము తొలగుటకే అంతర్జాతీయ తపాలా నియమములు అంధుల సామగ్రిని 7 కిలోల వరకు రుసుమునుండి మినహాయించినవి. విమానములో పంపినచో అదనపు రుసుము ఉండవచ్చును.

పంపునపుడు కొన్ని జాగ్రత్తలు అవసరము. పై చిరునామాను సిరాతోనే వ్రాయవలెను. లోపల అంధుల సామగ్రి కలదని స్పష్టముగా తెలుపవలెను. తనిఖీకి సులభముగా విప్పునట్లు కట్టవలెను. కాగితమును పంక్తుల నడుమ మడచి, బొడిపెలు నలగకుండ అట్టముక్క పెట్టుట మేలు.

నేడు ఫోనులు వ్రాతను చదివి వినిపించుచున్నవి. కాని వినికిడియు లేనివారికి ఆ గొంతు అందదు. వారికి చుక్కలే శరణ్యము. వినగలవారికిని, నలుగురు కూర్చున్నచోట గట్టిగా పలుకు ఉత్తరముకంటె వ్రేలికొనతో నిశ్శబ్దముగా చదువుకొను ఉత్తరము మేలు.

అయినను ఒక చిక్కు మిగిలియున్నది. చూపున్న బంధువులకు ఈ లిపి రాకపోయినచో మధ్యవర్తి మరల అవసరమగును. బ్రెయిలీయే ఈ లోటును గుర్తించి, సామాన్యాక్షరముల ఆకారములనే చుక్కలతో కూర్చు మరియొక పద్ధతిని 1839లో ప్రకటించెను. కాని అంతకన్న తేలిక మార్గము మన చేతిలోనే కలదు. చూపున్నవారు ఈ చుక్కలను కంటితోనే నేర్వవచ్చును. ఇంటిలో ఒక్కరు నేర్చినను, ఆ ఇంటి అంధునికి తన మాటను తన చేతితో వ్రాసి పంపుకొను స్వాతంత్ర్యము లభించును.