లాగి కట్టిన బట్ట మీద నిలిచే బల్ల

భివండిలోని వరాలా తలావ్ చెరువు చుట్టుపక్కల వీధుల్లో బట్ట సంగతి తెలియనివాళ్లు తక్కువ. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్, నల్గొండ వైపు నుంచి వచ్చి భివండిలో స్థిరపడిన పద్మశాలి కుటుంబాల్లో చాలామందికి సాంచాల (మరమగ్గాల) మీదే బతుకు. పద్మానగర్ అనే పేటే వాళ్ల ఊరన్నట్టు ఉంటుంది. ఇక్కడి నుంచి ఆసన్‌గావ్ దాకా వెళితే మాహులీ కోట. ఠాణే జిల్లాలో 858 మీటర్ల ఎత్తున్న కొండ అది. వీపున సంచితో దాన్ని ఎక్కేవాళ్లకు పైన కూర్చుని టీ గ్లాసు, అన్నం గిన్నె ఒలకకుండా పెట్టుకోవడానికి ఒక చిన్న బల్ల ఉంటే హాయిగా ఉంటుంది. కాకపోతే రెండు కిలోల బల్లను అంత ఎత్తుకు ఎవరు మోస్తారు? 400 గ్రాముల లోపు బరువుండే మడత బల్లను ఇంట్లోనే చేసుకోవచ్చు. అందుకు కావలసిన అసలు తెలివి సాంచాల షెడ్డులోనే ఉంది.

మడత సామాను పుట్టింది ఎప్పుడూ కదిలే జనం కోసం. 1922లో బయటపడిన టూటన్‌ఖామున్ సమాధిలో కంచు బందులతో మూడు మడతలు పడే మంచం దొరికింది. మడత పీటలూ దొరికాయి. అంటే మూడు వేల మూడు వందల ఏళ్ల కిందటే రెండు కాళ్లను అడ్డంగా దాటించి, మధ్యలో ఇరుసు వేసి, పైన తోలు బిగించడం మనిషికి వచ్చు.

మన ఇళ్లలో దీని బంధువు వ్యాసపీఠం. పాతదేదైనా ఉంటే ఒకసారి చేతిలోకి తీసుకుని మడత దగ్గర చూడండి. మేకు ఉండదు, జిగురు ఉండదు, అతుకూ ఉండదు. ఒకే పలకను రెండు కొసల నుంచి మందంలోకి చీలుస్తూ వచ్చి, మధ్యలో మాత్రం వేళ్లలో వేళ్లు దూర్చినట్టు పళ్లు చెక్కుతారు. ఆ పళ్లే ఇరుసు. ఒక మేర దాటి తెరవబోతే అవే ఒకదానికొకటి అడ్డుపడి ఆపేస్తాయి. ఎంత తెరుచుకోవాలో చెక్కలోనే రాసిపెట్టాడు వడ్రంగి. నన్నడిగితే మడత సామానులో ఇంతకంటే గొప్ప పనితనం లేదు.

ఇంకో మంచి పాఠం రూర్కీలో దొరుకుతుంది. 1853 నుంచి అక్కడ బెంగాల్ సాపర్స్ అండ్ మైనర్స్ అనే సైనిక ఇంజనీర్ల దళం ఉంది. 1898 ప్రాంతంలో ఆ ఊరి పేరు మీద ఒక మడత కుర్చీ వచ్చింది. కమ్మీల కొసలను సన్నగా చెక్కి కాళ్ల రంధ్రాల్లో దూర్చడమే, జిగురు లేదు. తోలు పట్టీ, కాన్వాసు బిగించి కూర్చుంటే మనిషి బరువుకే కీళ్లు బిగుసుకుంటాయి. కీళ్లలో కాస్త వదులు ఉంటుంది కాబట్టి ఎగుడుదిగుడు నేల మీద కూడా నాలుగు కాళ్లూ ఆనుతాయి. డెన్మార్క్ వాస్తుశిల్పి కారె క్లింట్ 1933లో చేసిన సఫారీ కుర్చీకి మూలం ఇదే.

ఇన్ని కుర్చీలు, పీటలు తేలిగ్గా కుదిరినప్పుడు బల్ల ఎందుకు కుదరలేదు? మడత పీట మీద బట్ట కుంగుతుంది. కూర్చోవడానికి అది సుఖం, గిన్నె పెట్టడానికి అదే ముప్పు.

ఆ కుంగుడుకు ఒక లెక్కుంది. రెండు కాళ్లు సరిగ్గా మధ్యలో, లంబకోణంలో దాటుకున్నాయనుకుందాం. పైన బరువు పడగానే కాళ్లు విచ్చుకోబోతాయి, బట్ట వాటిని ఆపుతుంది. నేల పట్టును పక్కన పెడితే, బట్టలోని అడ్డపు లాగుడు పైనున్న బరువుకు సమానమవుతుంది. బట్ట మధ్యలో ఒక్కచోట బరువు పెడితే, కమ్మీల మధ్య దూరంలో నాలుగో వంతు కుంగాక గానీ అది నిలకడకు రాదు. 30 సెంటీమీటర్ల బట్ట అయితే ఏడున్నర సెంటీమీటర్ల గుంట. కిలో గిన్నె తీసి అరకిలో గిన్నె పెట్టినా గుంట అంతే, ఎందుకంటే బరువుతోపాటు లాగుడూ తగ్గుతుంది. ఎంత గట్టి బట్ట వేసినా ఇది మారదు.

మారాలంటే బరువు పడకముందే బట్టను లాగి ఉంచాలి. సాంచా మీద జరిగేది అదే కదా! పడుగు బీముకు గొలుసు చుట్టి, దాని కొసన మీట, మీటకు ఇనుప దిమ్మెలు వేలాడదీస్తారు. ఆ బరువే పడుగును బిగువుగా పట్టి ఉంచుతుంది. ఇంకా ఒక్క పేక పోగు పడకముందే పడుగంతా లాగుడు మీద ఉంటుంది. దిమ్మె తీసేస్తే పోగులు జారి బట్ట పాడవుతుందని సాంచాల మీద పనిచేసేవాళ్లను ఎవరినడిగినా చెబుతారు.

బల్లకు దిమ్మెలు మోసుకుపోలేం. వాటి బదులు రెండు అడ్డకడ్డీలు చాలు. బట్ట రెండు అంచులనూ గొట్టంలా మడిచి కుట్టి, వాటిలో రెండు కమ్మీలు దూర్చాలి. కమ్మీల మధ్య చెరో చివర ఒక అడ్డకడ్డీ నెట్టి పెట్టాలి. బట్ట లాగుడు లేనప్పుడు ఎంత ఉంటుందో అంతకంటే కడ్డీ కొన్ని మిల్లీమీటర్లు పొడుగుండాలి. రెండో కడ్డీ చేతి బలంతో దూరినప్పుడే బట్ట బిగుస్తుంది, వేలితో తడితే టక్కుమంటుంది. ఇక విచ్చుకునే పని కాళ్లకు లేదు, కుంగే పని బట్టకు లేదు.

ఎంత బిగువు కావాలి? తడి చీరలు ఆరేసిన దండెం తీరే దీనిదీ: కుంగుడు సగం కావాలంటే లాగుడు రెట్టింపు కావాలి. 30 సెంటీమీటర్ల వెడల్పున మధ్యలో కిలో బరువు పెట్టి ఒక్క సెంటీమీటరే కుంగాలంటే సుమారు ఏడున్నర కిలోల లాగుడు, అర సెంటీమీటరే కావాలంటే పదిహేను కిలోలు. అసలు కుంగకుండా ఏ దండెమూ ఉండదు. సెంటీమీటరు దగ్గర ఆగడమే తెలివి.

కోత కూడా బట్టను చూసి వేయాలి. పడుగు ఒక కమ్మీ నుంచి ఇంకో కమ్మీకి నడవాలి, ఎందుకంటే ఆ దారిన బట్ట తక్కువ సాగుతుంది. ఏటవాలుగా కోస్తే ఎంత లాగినా సాగుతూనే పోతుంది. నైలాన్ కంటే పాలిస్టరే మేలు. నైలాన్ తేమ పీల్చి సాగుతుంది, సహ్యాద్రి వానలో సాయంత్రానికల్లా బల్ల జోలెలా తయారవుతుంది. పాలిస్టర్ నీటిని దాదాపు పట్టుకోదు, పైగా భివండిలో దానికి కరువా!

ఇక గొట్టాలు. 1886లో అమెరికాలో హాల్, ఫ్రాన్స్‌లో ఎరూ విడివిడిగా కరెంటుతో అల్యూమినియం తీసే పద్ధతి కనిపెట్టారు. అప్పటిదాకా అది ఖరీదైన లోహం. 1906లో జర్మనీలో ఆల్ఫ్రెడ్ విల్మ్ రాగి కలిపిన అల్యూమినియం కొన్నాళ్లు ఉంచితే దానంతటదే గట్టిపడుతుందని గమనించాడు. విమానాలకు, ఆ తర్వాత గుడారాల కడ్డీలకు దారి పడింది అక్కడే.

అయితే లోహం కంటే రూపం ఎక్కువ పని చేస్తుంది. 8 మిల్లీమీటర్ల గట్టి కడ్డీలో ఉన్న లోహాన్నే 16 మిల్లీమీటర్ల గొట్టంగా చేస్తే అంచు మందం సుమారు ఒక మిల్లీమీటరు వస్తుంది. బరువు అంతే, వంగకుండా నిలిచే బలం మాత్రం ఏడు రెట్లు.

మన బల్లకు 12 మిల్లీమీటర్ల గొట్టం, మిల్లీమీటరు మందం చాలు. 42 సెంటీమీటర్ల కాళ్లు నాలుగు, 40 సెంటీమీటర్ల కమ్మీలు రెండు, 30 సెంటీమీటర్ల అడ్డకడ్డీలు రెండు: మొత్తం మూడు మీటర్ల పైచిలుకు, అంటే 290 గ్రాములు. ఇనుమైతే 830 దాటేది. బట్ట, బోల్టులు, తాడు కలిపినా 400 లోపే. ఎత్తు 30 సెంటీమీటర్లు వస్తుంది. బాసింపట్టు వేసుకుని తినేవాళ్లకు అంతకంటే ఎత్తు దండగ. పైగా కాలు పొడవు సగమైతే ఒరిగిపోకుండా మోసే బరువు నాలుగింతలవుతుందని ఆయిలర్ 18వ శతాబ్దంలోనే లెక్క కట్టాడు.

కాళ్లు విరిగితే మధ్యలో, బోల్టు రంధ్రం దగ్గరే విరుగుతాయి. వంపు ఎక్కువ పడేదీ అక్కడే, లోహం కోసిందీ అక్కడే. అందుకే రంధ్రం వేసేముందు ఆ చోట గొట్టంలోకి బిగువుగా పట్టే కర్రముక్క దిగగొట్టాలి. లాక్‌నట్టు పూర్తిగా బిగించకుండా కాస్త వదులు ఉంచితే, రూర్కీ కుర్చీలాగే ఎగుడుదిగుడు రాతి మీదా నాలుగు కాళ్లూ ఆనుతాయి. ఒకే కమ్మీని మోసే రెండు కాళ్ల మధ్య సన్నని పాలిస్టర్ తాళ్లు ఏటవాలుగా, ఒకదాన్నొకటి దాటేలా కట్టాలి. అవి లేకపోతే బల్ల పక్కకు ఒరుగుతుంది. పాలిస్టర్ 255 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అంతకు చాలా ముందే మెత్తబడుతుంది. కాబట్టి స్టౌ రాతి మీదే. పొయ్యి మీంచి దించిన గిన్నె కిందైనా ఒక పలచని చెక్క వేయాలి.