ఖడ్గమును మాయయు: ఒక పేరు పుట్టుక



నా మనుమడు చదువుచున్న యింగ్లీషు కథల పుస్తకముపై 'సోర్డ్ అండ్ సోర్సరీ' యని యుండెను. సోర్డనగా ఖడ్గము, సోర్సరీ యనగా క్షుద్రవిద్య. కత్తియు మంత్రమును గల కథ యెల్ల నిదియే యని వానికిఁ జెప్పి పొరపడితిని.

అమెరికాలో టెక్సాసు రాష్ట్రమున రాబర్టు హోవర్డను నాతఁడు కోనాన్ అను వీరునిపైఁ గథలు వ్రాసెను. అందు మొదటిది 1932లో నచ్చయ్యెను. 1936లో, ముప్పదియేండ్లకే, ఆతఁడు మృతినొందెను. అప్పటికా కథాజాతికి స్థిరమైన పేరు లేదు.

1961లో మైకేల్ మూర్కాక్ అను ఆంగ్లేయ యువకుఁడు, ఇట్టి కథల నేమని పిలువవలెనని యడిగి, 'ఎపిక్ ఫాంటసీ' యని తానే యొక పేరు సూచించెను. వీరగాథాకల్పన మని దాని యర్థము. ఫ్రిట్జ్ లైబర్ అను అమెరికా రచయిత యా యేఁడే 'సోర్డ్ అండ్ సోర్సరీ' యని బదులు చెప్పెను. చారిత్రక సాహసకథలకు 'క్లోక్ అండ్ సోర్డ్', గూఢచారి కథలకు 'క్లోక్ అండ్ డాగర్' అను పేర్లు ముందే కలవు. ఆ మూసలోనే లైబరు దీనిఁ బోసెను. పైగా అనుప్రాసము! నాలుకకు సుఖము గనుక నిలిచినదని నా యూహ.

ఇఁక నా పొరపాటు. ఈ పేరు పంకజమువలె యోగరూఢము. బురదఁ బుట్టిన ప్రతిదియుఁ బంకజము కాదుగదా! తన ప్రాణమునకో ధనమునకో యొంటిగాఁ దెగించు వీరుని కథకే యీ పేరు చెల్లును. లోకమునంతను రక్షించు మహాయుద్ధకథలకు, టోల్కీను వ్రాసినట్టివానికి, మూర్కాక్ చెప్పిన పేరే తరువాత వాడుకయైనది.

హోవర్డు మాత్ర మీ పేరు వినలేదు. ఆతఁడు పోయిన యిరువదియైదేండ్లకుఁగాని యది పుట్టలేదు.